పోటీదారు కంటే తక్కువకు టెండరు వేయడం: ఎంత లెస్ వరకు వెళ్లవచ్చు, ఎక్కడ ఆగాలి

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటాను. నల్లగొండ జిల్లాలో పంచాయతీరాజ్ శాఖ పిలిచిన సీసీ రోడ్లు, మురుగు కాలువల పనులకు మీరు ఏడాది కాలంలో పదకొండు టెండర్లు వేశారు. ప్రతిసారీ అంచనా విలువ మీద 12 నుంచి 15 శాతం లెస్, అంటే అంత తక్కువ ధర, కోట్ చేశారు. ఒక్క పనీ దక్కలేదు, ఎందుకంటే అందరికంటే తక్కువ ధర వేసి ఎల్‌వన్‌గా నిలిచినవారు 28, 30, ఒకసారి 32 శాతం దాకా లెస్ వేశారు. ఇప్పుడు 50 లక్షల రూపాయల అంచనా విలువ గల రోడ్డు, పక్క కాలువ పనికి శుక్రవారం గడువు ముగుస్తోంది. మీరు కూడా 30 శాతానికి దిగాలా, అంత తక్కువకు వాళ్లెలా చేయగలుగుతున్నారు, పోటీ మానుకుని అందరం కూర్చుని మాట్లాడుకుందామని కొందరు పెద్దలు ఇస్తున్న సలహా సరైనదేనా అని అడిగారు.

నేను ప్రకాశం, నల్లగొండ జిల్లాల్లో ఇరవై ఏడేళ్లుగా రోడ్లు, చెరువు పనులు, బడి గదులు కడుతున్నాను. ఎక్కువ లెస్ వేసి లాభపడిన పనులూ ఉన్నాయి, అప్పుల పాలైన పనీ ఉంది. రెండింటినీ చూసినవాడిగా చెబుతున్నాను, 30 శాతానికి దిగకండి. తక్కువ ధర వేయడం తప్పని నా ఉద్దేశం కాదు. మీరు వదులుకునే ప్రతి శాతం ఎక్కడి నుంచి వస్తుందో టెండరు వేయకముందే వేలు పెట్టి చూపించగలగాలి. అలా చూపించలేని శాతం పని మందం నుంచో, కూలీల చెమట నుంచో, మీ ఇంటి పొలం నుంచో వస్తుంది.

లెక్కలోకి వెళదాం. శాఖ వేసే అంచనా ప్రభుత్వం నిర్ణయించే స్టాండర్డ్ షెడ్యూల్ రేట్ల మీద తయారవుతుంది. మన రెండు రాష్ట్రాల రేట్ల విశ్లేషణలో సామగ్రి, కూలి, యంత్రాల ఖర్చు మీద ఓవర్‌హెడ్‌లు (పైఖర్చులు), కాంట్రాక్టరు లాభం రెండూ కలిపి 13.615 శాతం చేరుస్తూ వచ్చారు. మీ 50 లక్షలను 1.13615తో భాగించండి, దాదాపు 44 లక్షలు వస్తుంది. అంటే శాఖ దృష్టిలో ఈ పని అసలు ఖర్చు 44 లక్షలు, మీకు మిగల్చాలని అనుకున్నది 6 లక్షలు. ఆ 6 లక్షలు అంచనా విలువలో 12 శాతం. చాలామంది యువ కాంట్రాక్టర్లు 12 శాతం లెస్ అంటే జాగ్రత్తగా వేసిన ధర అనుకుంటారు. నిజానికి షెడ్యూల్ రేటు కంటే చౌకగా కొనే మార్గమేదీ మీ చేతిలో లేకపోతే, 12 శాతం దగ్గరే మీ లాభమూ, ఆఫీసు ఖర్చూ, వడ్డీ ఖర్చూ పూర్తిగా కరిగిపోయాయి. ఆ తర్వాత దిగే ప్రతి శాతానికీ 50,000 రూపాయల నిజమైన ఆదా చూపించాలి.

అంచనా విలువ అన్నప్పుడు ఏ అంకెను తీసుకుంటున్నారో కూడా చూసుకోండి. మంజూరైన మొత్తం సొమ్ములో జీఎస్టీ, కార్మిక సంక్షేమ సెస్సు ఒక శాతం, నిర్మాణ శిక్షణ సంస్థ న్యాక్ నిధికి 0.1 శాతం వంటివి కలిసి ఉంటాయి. మీ లెస్ వర్తించేది టెండరు పత్రంలో ఈసీవీగా (అంచనా ఒప్పంద విలువగా) చూపిన పని విలువకే. ఈ రెండింటినీ కలగలిపి లెక్క వేసుకుని, సంతకం అయ్యాక తల పట్టుకున్నవారిని నేను చూశాను.

మీరు ఇచ్చిన వివరాలతోనే మీ ఆదా ఎంతో చూద్దాం. పనిలో మొత్తం కాంక్రీటు సుమారు 700 క్యూబిక్ మీటర్లు అన్నారు. ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్లలో కలిపితే క్యూబిక్ మీటరుకు ఎనిమిది బస్తాల సిమెంటు, దాదాపు 0.9 క్యూబిక్ మీటర్ల కంకర పడుతుంది. అంటే 5,600 బస్తాలు, 630 క్యూబిక్ మీటర్ల కంకర. డీలరుకు ముందే డబ్బు కట్టి కొంటే షెడ్యూల్ రేటు కంటే బస్తాకు 30 రూపాయలు తక్కువకు వస్తుందన్నారు. అది 1,68,000 రూపాయలు, శాతంలో 3.36. అంచనాలో చూపిన క్వారీ దూరం 32 కిలోమీటర్లు, మీరు తెచ్చుకోగల క్రషర్ 14 కిలోమీటర్లలో ఉంది. లీడ్ (రవాణా దూరం) తేడా వల్ల క్యూబిక్ మీటరుకు 150 రూపాయలు మిగులుతాయని పట్టుకుంటే 94,500 రూపాయలు, రెండు శాతం కూడా కాదు. కాంక్రీటు కలిపే మిల్లరు, దాన్ని కుదించే వైబ్రేటరు సొంతవి ఉన్నందున డీజిలు, రిపేర్లు పోగా 60,000 రూపాయలు మిగలవచ్చు, అది 1.2 శాతం. మూడూ కలిపితే దాదాపు 6.45 శాతం.

ముందటి 12 శాతానికి దీన్ని కలిపితే 18.45 శాతం అవుతుంది. ఆ అంకె దగ్గర మీకు లాభం సున్నా, పైఖర్చులకు కూడా సున్నా. సూపర్‌వైజరు జీతం, నీళ్ల ట్యాంకరు, కాంక్రీటు బలం చూసే క్యూబుల పరీక్షలు, తిరుగుళ్లు, వడ్డీ కలిపి 4 శాతం పక్కన పెట్టాల్సిందే. అంటే 14.45 శాతం మీరు దాటకూడని గీత. దానికి దిగువన మీరు చేసే పని సొంత డబ్బుతో ఊరికి రోడ్డు వేయడమే అవుతుంది. మీకు నాలుగు శాతమైనా లాభం మిగలాలంటే 10.45 దగ్గరే ఆగాలి. ఏడాదిగా మీరు వేసిన 12 నుంచి 15 శాతం పిరికి ధరలు కావని, ఇప్పటికే అంచు మీద ఉన్న ధరలని ఈ లెక్క చెబుతోంది. పనులు దక్కలేదని మీరు మిమ్మల్ని మీరు తక్కువ చేసుకున్నారు, ఆ అవసరం లేదు.

30 శాతం వేస్తే ఏమవుతుందో ఇదే లెక్కతో చూడండి. మీ గీతకూ 30కీ మధ్య తేడా 15.55 శాతం, అంటే సుమారు 7,77,000 రూపాయలు. క్యూబిక్ మీటరు కాంక్రీటు మీకు 5,500 రూపాయలు పడుతుందనుకుంటే, ఆ సొమ్ము 140 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు విలువ, మొత్తం కాంక్రీటులో అయిదో వంతు. ఇంకెక్కడా ఆదా లేనివాడు దాన్ని పని నుంచే రాబట్టాలనుకుంటే 15 సెంటీమీటర్ల రోడ్డు 12 సెంటీమీటర్లు కావాలి. క్వాలిటీ కంట్రోల్ వాళ్లు రోడ్డులోంచి గుండ్రటి ముక్క (కోర్) కోసి తీసిన రోజున ఆ 3 సెంటీమీటర్ల లోటు స్కేలు మీద కనిపిస్తుంది. ఒకవేళ ఆ రోజు తప్పించుకున్నా, ధాన్యం బస్తాలతో ట్రాక్టర్లు తిరిగే రోడ్డు రెండో వానాకాలానికి పగుళ్లు తీస్తుంది, మరమ్మతు బాధ్యత కాలం ఇంకా మీ నెత్తిన ఉండగానే. ఆ రోడ్డు మీద నడిచేది మన పక్క ఊరివాళ్లే.

25 శాతం దాటితే మరో భారం వచ్చి పడుతుంది, దీని గురించి మీ ప్రశ్నలో ప్రస్తావన లేదు కాబట్టి వివరంగా చెబుతాను. ఉమ్మడి రాష్ట్రంలో 2003 జూలై 1న నీటిపారుదల శాఖ ఇచ్చిన జీవో 94తో టెండర్ల విధానం చాలా మారింది, తర్వాత మిగతా ఇంజనీరింగ్ శాఖలూ ఆ షరతులనే పాటిస్తూ వచ్చాయి. దాని ప్రకారం అంచనా విలువ కంటే 25 శాతం వరకు తక్కువ వేస్తే అదనపు ధరావతు అక్కర్లేదు. అంతకు మించి దిగితే, అంచనా విలువలో 75 శాతానికీ మీ ధరకూ ఉన్న తేడాను అగ్రిమెంటు నాటికి డీడీగానో, బ్యాంకు గ్యారంటీగానో కట్టాలి, పని పూర్తయ్యేదాకా అది అక్కడే ఉంటుంది. మీ పనిలో 75 శాతం అంటే 37.5 లక్షలు. 30 శాతం లెస్ వేస్తే ఒప్పందం విలువ 35 లక్షలు. తేడా 2.5 లక్షలు. ఈఎండీ అనే ధరావతు అంచనా విలువలో టెండరుతో ఒక శాతం, అగ్రిమెంటుతో ఒకటిన్నర శాతం, కలిపి 1.25 లక్షలు. ఇవి కాక ప్రతి బిల్లులో 7.5 శాతం ఎఫ్‌ఎస్‌డీ అనే ధరావతు కింద పట్టుకుంటారు, 35 లక్షల మీద అది 2,62,500. మొత్తం 6,37,500 రూపాయలు మీ చేతిలో లేని డబ్బు. ఒప్పందం విలువలో 18 శాతానికి పైగా ఇలా కట్టుబడిపోయి ఉంటే, సిమెంటుకు ముందే డబ్బు కట్టి బస్తాకు 30 రూపాయలు మిగుల్చుకుంటానన్న మీ లెక్క మొదటి నెలలోనే తప్పుతుంది. శాఖను బట్టి, ఏడాదిని బట్టి ఈ శాతాలు మారుతుంటాయి కాబట్టి మీ టెండరు పత్రంలోని షరతులు ఒక్కొక్కటీ చదివి ఇదే లెక్కను మళ్లీ వేయండి.

బిల్లుల ఆలస్యం సంగతి మీకు నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. కాని దాన్ని లెక్కలోకి తెచ్చేవారు తక్కువ. పనిలో పెట్టిన 30 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవైతే నెలకు 60,000 రూపాయలు. ఆరు నెలలు బిల్లు ఆగితే 3,60,000, అంటే 35 లక్షల ఒప్పందంలో 10 శాతం కంటే ఎక్కువ. 30 శాతం లెస్ వేసినవాడికి ఆ దెబ్బ తట్టుకునే జాగా ఎక్కడ ఉంటుంది? పైగా బిల్లు పడ్డాక కూడా ఆదాయపు పన్ను కింద వ్యక్తికైతే ఒక శాతం, కంపెనీకో భాగస్వామ్య సంస్థకో అయితే రెండు శాతం, రెండున్నర లక్షలు దాటిన ఒప్పందాలకు జీఎస్టీ టీడీఎస్ రెండు శాతం మినహాయించి ఇస్తారు. అవి తర్వాత సర్దుబాటు అవుతాయి కాని కూలీలకు శనివారం నాడు ఇవ్వవలసిన డబ్బుకు అక్కరకు రావు.

జీఎస్టీ గురించి చిన్న మాట. ప్రభుత్వ పనుల మీద పన్ను 2022 జూలై 18 నుంచి 12 శాతం నుంచి 18 శాతానికి పెరిగింది. సిమెంటు మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లు లేకుండా కొన్న సరుకు ట్రిప్పుకు కొంత చౌకగా కనిపిస్తుంది, కాని దాని మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మన పన్నులో తగ్గించుకునే వీలు) పోతుంది, రేపు కంకరకు గనుల రుసుము కట్టినట్టు చూపే సీనరేజీ పర్మిట్లు చూపించమన్నప్పుడు చూపించడానికి కాగితం ఉండదు. ఆ చౌకను మీ ఆదా లెక్కలో ఎప్పుడూ రాయకండి.

ఇక మిగతావాళ్లు 30 శాతానికి ఎలా చేస్తున్నారన్న ప్రశ్న. వాళ్లందరినీ ఒకే గాటన కట్టలేము. సొంత క్రషర్ ఉన్నవాడికి కంకర తయారీ ఖర్చుకే పడుతుంది, రవాణాకు సొంత టిప్పర్లు ఉంటాయి. పక్క ఊళ్లోనే మరో పని జరుగుతుంటే గ్యాంగు, సెంట్రింగు సామాను, మిల్లరు అక్కడే ఉంటాయి, తరలింపు ఖర్చు పడదు. అంచనాలో కొన్ని ఐటెమ్‌లకు రేటు ధారాళంగా పడి ఉండవచ్చు, స్థలం చూసినవాడికి అది తెలుస్తుంది. కొందరు పై తరగతి రిజిస్ట్రేషన్ కోసం, పని అనుభవం సర్టిఫికెట్ కోసం తెలిసి తెలిసి నష్టానికి వేస్తారు. మిగిలినవారిలో ఎక్కువమంది లెక్క వేయనివారే. పాత పని అప్పు తీర్చాలంటే కొత్త పని అడ్వాన్సు కావాలన్నంత ఒత్తిడిలో ఉంటారు. ఒక పని నష్టాన్ని ఇంకో పని డబ్బుతో పూడుస్తూ మూడేళ్లు నెట్టుకొస్తారు, నాలుగో ఏడు ఆ పేరు టెండర్లలో కనిపించదు. బయట నుంచి చూసే మీకు వీళ్లందరూ ఒకేలా ఎల్‌వన్‌లుగా కనిపిస్తారు.

పెద్ద సంస్థల సంగతి కూడా పోల్చి చూడండి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ వేలంలో ధర దించే రివర్స్ టెండరింగ్ తెచ్చినప్పుడు పోలవరం హెడ్‌వర్క్స్, జలవిద్యుత్ కేంద్రం మిగులు పనులకు 4,987.55 కోట్ల అంచనా మీద దాదాపు 4,360 కోట్లకు ధర ఖరారైంది. అది 12.6 శాతం లెస్. అంతటి యంత్ర సామగ్రి, అంతటి కొనుగోలు శక్తి ఉన్న సంస్థ అంత తగ్గించగలిగిన చోట, ఒక మిల్లరు, ఒక ట్రాక్టరు ఉన్న మనం 30 శాతం తగ్గిస్తామంటే మన దగ్గర ఏముందని తగ్గిస్తున్నామో ఆలోచించాలి. ఆ రెండు అంచనాలూ ఒకే తీరువి కావు, నిజమే, అయినా ఆ అంకె నాకు చాలాసార్లు చెయ్యి పట్టుకుని ఆపింది.

నేను ఆగని రోజు ఒకటుంది. 2009లో ఒక చెరువు కట్టకు రాళ్లు పేర్చే రివెట్‌మెంటు, తూము మరమ్మతు పనికి 27 శాతం లెస్ వేశాను. అంతకు ముందు రెండు టెండర్లలో నన్ను ఓడించిన వ్యక్తి ఆ పనికి కూడా వేస్తున్నాడని తెలిసి, ఆ పట్టుదలతో వేశాను. నా లెక్క అంతా చెరువుకు 6 కిలోమీటర్లలో ఉన్న రాతి క్వారీ మీద ఆధారపడి ఉంది. అంచనాలో రాయి చాలా దూరం నుంచి తెచ్చినట్టు చూపారు, ఆ తేడాయే నా లాభమనుకున్నాను. పని మొదలైన రెండో నెలలో ఆ క్వారీ లీజు గడువు ముగిసింది, రెన్యువల్ కాలేదు. లీజు కాగితం ఒక్కసారి చూపించమని అడిగి ఉంటే తేదీ అక్కడే కనిపించేది. ఆ తర్వాత రాయి 41 కిలోమీటర్ల నుంచి వచ్చింది. పని వదిలేస్తే ధరావతు పోయి బ్లాక్‌లిస్టులో పడతాను కాబట్టి పూర్తి చేశాను. టిప్పరు అమ్మాను.

దానికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టింది వేరే ఉంది. ఆ పనికి పాలమూరు నుంచి వచ్చిన గ్యాంగు రాళ్లు పేర్చింది. బిల్లు ఆగడంతో వాళ్లకు ఏడు వారాల కూలి బాకీ పడ్డాను. ఒకరోజు తెల్లవారేసరికి మేస్త్రీ, అతని భార్య మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నారు. అతని చేతిలో హాజరు పుస్తకం ఉంది, పేరు పేరునా నిలువు గీతలు, సగం రోజుకు సగం గీత. అతను నన్ను ఒక్క మాట అనలేదు. పుస్తకం తెరిచి నా ముందు పెట్టి, ఆమె వైపు చూశాడు. బడులు తెరిచే రోజులని, పిల్లాడి పుస్తకాలు కొనాలని ఆమె అంది. నేను పోటీదారు మీద పంతంతో తగ్గించిన శాతాలను ఆ ఏడు వారాలూ మోసింది వాళ్లేనని అప్పుడు తెలిసింది. ఇంట్లో ఉన్న బంగారం కుదువ పెట్టి ఆ మధ్యాహ్నానికల్లా ఇచ్చి పంపాను. అప్పటి నుంచి ఏ టెండరుకైనా మొదట కూలి ఖర్చు రాసి, దాన్ని తగ్గించే అంకెగా ఎన్నడూ చూడలేదు. మీరు కూడా అలాగే చేయాలని నా కోరిక.

లెస్ ఎక్కువ వేసి బాగుపడిన పని కూడా చెప్పాలి, లేకపోతే నా మాట ఒకవైపే అవుతుంది. కొన్నేళ్ల తర్వాత ఒక మండలంలో రెండు బడి గదుల పని చేస్తుండగా, మూడు కిలోమీటర్ల దూరంలో మరో రెండు గదులకు టెండరు వచ్చింది. నా సెంట్రింగు సామాను, గ్యాంగు, నీళ్ల ఏర్పాటు అక్కడే ఉన్నాయి. మొదటి బడి స్లాబు వేసి సెంట్రింగు విప్పిన మర్నాడే రెండో బడికి తరలించేలా రోజులు కుదిరాయి. క్రషర్ యజమాని రేటును పని పూర్తయ్యేవరకు మార్చనని కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆ పనికి 19 శాతం లెస్ వేసి, అయిదు శాతం మిగుల్చుకున్నాను. వేరేవాడు అదే 19కి వేసి ఉంటే నష్టపోయేవాడు. అందుకే ఎల్‌వన్ ఎంతకు వేశాడో చూసి మన అంకె రాసుకోవడం కుదరదంటున్నాను. అతని అంకె అతని క్వారీకి, అతని గ్యాంగుకి, అతని అప్పులకి సంబంధించినది.

ఇంకో విషయం చాలామందికి అగ్రిమెంటు అయ్యాకే తెలుస్తుంది. అంచనా మీద ఇంత శాతం అని వేసే టెండర్లలో మీరు వేసిన లెస్ మొదటి పనితో ఆగదు. పని మధ్యలో అదనపు ఐటెమ్ వస్తే దాని రేటు కూడా షెడ్యూల్ నుంచి తీసి మీ లెస్ శాతం తగ్గించే ఇస్తారు. తక్కువకు వేసి పని పట్టుకుందాం, అదనపు పనిలో రాబట్టుకుందాం అని చెప్పేవారి మాట నమ్మకండి. 30 శాతం లెస్ వేసినవాడికి అదనపు పని వస్తే అదనపు నష్టం వస్తుంది. అటు ఎక్సెస్ (అంచనా కంటే ఎక్కువ) వైపు కూడా అయిదు శాతానికి మించి ఒప్పుకోరు కాబట్టి, షెడ్యూల్ రేటే మార్కెట్ కంటే వెనకబడి ఉన్న ఏడాదిలో ఆ పనికి అసలు వేయకపోవడమే మంచిది.

ఆన్‌లైన్ వేలం పద్ధతిలో ధర దించే చోట మరింత జాగ్రత్త కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో రివర్స్ టెండరింగ్‌ను 2024లో రద్దు చేశారు కాని, కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లు జరిగే జెమ్ పోర్టల్‌లో సరుకులకు, సేవలకు రివర్స్ ఆక్షన్ ఇప్పటికీ ఉంది. తెర మీద ఎదుటివాడి ధర కదులుతుంటే చెయ్యి దానంతట అది మరో మెట్టు దిగుతుంది. అలాంటి దానికి కూర్చునే ముందు మీ గీతను కాగితం మీద రాసి, మీ ఇంట్లోనో, భాగస్వామి చేతిలోనో పెట్టి, ఆ అంకె వచ్చినప్పుడు కంప్యూటరు ముందు నుంచి లేవమని చెప్పించుకోండి. నేను నా భార్యకే ఆ కాగితం ఇస్తాను.

అందరం కూర్చుని మాట్లాడుకుందామన్న సలహాకు నా జవాబు వద్దనే. మన దగ్గర దీన్ని రింగ్ కావడం అంటారు, ఎప్పటి నుంచో ఉన్న అలవాటు కాబట్టి చాలామంది తప్పుగా చూడరు. 2002 నాటి పోటీ చట్టం మూడో సెక్షన్ కింద టెండర్లలో ముందే కుమ్మక్కు కావడం నేరుగా నిషేధం. కుమ్మక్కు సాగిన ప్రతి ఏడాదికీ వచ్చిన లాభానికి మూడు రెట్లు లేదా టర్నోవరులో 10 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా వేయవచ్చు. టెండరు షరతుల్లో కూడా కుమ్మక్కు జరిగిందని తేలితే తిరస్కరించే నిబంధన ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, రింగులో ఈసారి మీ వంతు రావాలంటే మీరు ఇతరుల దయ మీద ఉండాలి, వంతు తప్పిన రోజున ఎవరినీ అడగలేరు.

అదే చట్టం నాలుగో సెక్షన్‌లో ఖర్చు కంటే తక్కువకు అమ్మి పోటీదారులను తరిమేయడం కూడా తప్పే, కాని అది మార్కెట్లో ఆధిపత్యం ఉన్న సంస్థకు వర్తిస్తుంది. 32 శాతం వేసిన మీ తోటి చిన్న కాంట్రాక్టరు మీద దాంతో ఫిర్యాదు చేయడానికి లేదు. మరీ అసహజంగా తక్కువ ధర వచ్చినప్పుడు ఆ ధర ఎలా కుదురుతుందో రాతపూర్వకంగా వివరణ అడగవచ్చని కేంద్ర ఆర్థిక శాఖ పనుల సేకరణ మాన్యువల్ చెబుతోంది. మీరు ఎప్పుడైనా కేంద్ర సంస్థల పనులకు వేస్తే, మీ రేట్ల విశ్లేషణ కాగితాలు సిద్ధంగా ఉంచుకోండి. నిజమైన ఆదాతో తక్కువ వేసినవాడికి ఆ ప్రశ్న మేలే చేస్తుంది.

ప్రైవేటు బిల్డర్ల దగ్గర పని వేరు. అక్కడ ఎల్‌వన్‌తో తప్ప బేరం చేయకూడదన్న కేంద్ర విజిలెన్స్ కమిషన్ మార్గదర్శకాలేవీ లేవు. మీ కొటేషన్ పట్టుకుని ఇంకొకరిని తగ్గించమంటారు, మళ్లీ మిమ్మల్ని పిలుస్తారు. మొదటి కొటేషన్‌లోనే అట్టడుగు ధర ఇచ్చేస్తే తర్వాత ఇవ్వడానికి ఏమీ ఉండదు. అక్కడ ధర తగ్గించే బదులు పదిహేను రోజులకోసారి బిల్లు ఇస్తామంటే ఇంత, నెలన్నరకు ఇస్తామంటే ఇంత అని రెండు ధరలు ఇవ్వండి. డబ్బు త్వరగా ఇచ్చేవారికి తక్కువ ధర ఇవ్వడంలో మీ నష్టమేమీ లేదు, వడ్డీ మిగులుతుంది.

మీ శుక్రవారం టెండరు విషయానికి వస్తాను. పదకొండు చోట్ల వేసి అలసిపోవడం కంటే, మీ క్రషర్‌కు దగ్గరగా, అంచనాలో లీడ్ ఎక్కువగా చూపిన పనులు ఏడాదికి నాలుగు ఎంచుకుని వాటి మీదే శ్రమ పెట్టండి. ఈ 50 లక్షల పని అలాంటిదే అనిపిస్తోంది. రేపే స్థలానికి గడ్డపార తీసుకుని వెళ్లి, కాలువ తవ్వాల్సిన వరుసలో మూడు నాలుగు చోట్ల రెండడుగులు దించి చూడండి. అంచనాలో మెత్తని నేల అని రాసి ఉండి, కింద చట్టు రాయి తగిలితే నా లెక్కలన్నీ మారిపోతాయి. తర్వాత క్రషర్ యజమాని దగ్గరికి వెళ్లి, లీజు గడువు ఎప్పటి వరకు ఉందో కాగితం చూడండి, ఆరు నెలల పాటు మారని రేటు సంతకంతో రాసి ఇవ్వమనండి. మొత్తం 630 క్యూబిక్ మీటర్లూ ఒక్కరి దగ్గరే తీసుకుంటానంటే క్యూబిక్ మీటరుకు ఇంకో 120 రూపాయలు తగ్గించే అవకాశం ఉంది. తగ్గిస్తే మరో 75,600 రూపాయలు, ఒకటిన్నర శాతం, మీ గీత సుమారు 15.95కి జరుగుతుంది. అప్పుడు 13 శాతం దగ్గర వేస్తే మూడు శాతం దాకా మీకు మిగులుతుంది. సంతకం చేయనంటే పదకొండున్నర దగ్గరే వేసి అప్‌లోడ్ చేయండి. టెండర్లు తెరిచాక ఎవరో 29 వేశారని తెలిస్తే ఆ పనిని వదిలేసి, మీ లెక్క కాగితాన్ని ఫైలులో భద్రపరచండి. ఆ రోడ్డు మీద పని ఎలా నడుస్తుందో ఆరు నెలల పాటు గమనించి ఆ కాగితం వెనకే రాసుకోండి, ఆ మండలంలో వచ్చే ఏడాది టెండరుకు మీకు అంతకంటే పనికొచ్చే సమాచారం దొరకదు.